అంచు చిన్నదే గాని



మా ప్రాంతపు పల్లె సంఘాల్లో డోలక్, తబలా, తాళాల సరసన ఇప్పుడు గిటారు కూడా చేరింది. ఆదివార ఆరాధనలోను, యౌవనుల కూడికల్లోను, క్రిస్మస్ దినాల్లో ఇంటింటికి తిరిగే పాటల బృందాల్లోను ఎవరో ఒక బిడ్డ దాన్ని భుజానికి తగిలించుకొని నిలబడుతుంది. తీగ తెగితే కొత్తది వేసుకుంటారు. శ్రుతి తప్పితే సరిచేసుకుంటారు. గిటారు చుట్టూ ఉండే అంచు ఊడిపోతే మాత్రం, "అంచే గదా, పోతే పోనీ" అని వదిలేస్తారు. కొందరు దానిమీద టేపు అంటించి ఊరుకుంటారు. అంచు చిన్నదే గాని అది చేసే పని చిన్నది కాదు. ఊడిన అంచును సరిగా తిరిగి అమర్చాలంటే ఏమి కావాలో, ముఖ్యంగా గాడి కోసే బిట్టును, బేరింగును ఎలా ఎంచుకోవాలో ఈ నెల మీతో పంచుకోవాలని కోరుతున్నాను.

వేదాంత పాఠశాలలో డిప్లొమాకు చేరకముందు నేను మా నాన్నగారి దగ్గర వడ్రంగం నేర్చుకున్నాను. ఉలి నూరడం, చిత్రిక పట్టడం ఆయన నేర్పినవే. పరిచర్యలోకి వచ్చిన తరువాత కూడా ఆ పనిముట్ల పెట్టె నాతోనే ఉన్నది. ఒకరికి బాగుచేసి ఇస్తే మరొకరు తెస్తారు. అలా చుట్టుపక్కల సంఘాల గిటార్లు మా ఇంటి అరుగు మీదికి చేరుతుంటాయి.

అంచు ఎందుకు?

మన ఇళ్లలో చాపకు చుట్టూ గుడ్డ అంచు కుడతారు. కుట్టకపోతే పోగులు ఒక్కొక్కటే ఊడి చాప విడిపోతుంది. గిటారు అంచు కూడా అలాంటిదే. గిటారు పెట్టెకు పై పలక, వెనుక పలక, ఆ రెంటినీ కలిపే పక్క పలకలు ఉంటాయి. మంచి గిటార్లలో పై పలకకు తరచుగా స్ప్రూస్ అనే చలిదేశపు మెత్తని చెక్కను వాడతారు. దాని మందం రెండున్నర నుండి మూడు మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. పక్క పలక మందం సుమారు రెండు మిల్లీమీటర్లు మాత్రమే. అంత పలుచని చెక్కలు ఒకదానికొకటి అతుక్కోవడానికి చోటు చాలదు గనుక, లోపల మూల పొడుగునా ఒక బద్దె అంటిస్తారు.

పలకలు కలిసే మూలలో చెక్క పోగుల కొనలు బయటికి తెరుచుకొని ఉంటాయి. చెక్క తేమను ఎక్కువగా పీల్చేది ఆ కొనల నుండే. జూలై, ఆగస్టు నెలల తేమకు చెక్క ఉబ్బుతుంది. ఏప్రిల్, మే నెలల ఎండకు కుంచించుకుంటుంది. పైగా గిటారు గోడకో బల్లకో తగిలినప్పుడు మొదటి దెబ్బ తినేది ఆ మూలే. అందుకని మూల చుట్టూ మెట్టులాగా ఒక సన్నని గాడి కోసి, అందులో ప్లాస్టిక్కు పట్టీ గాని గట్టి చెక్క పట్టీ గాని అతికిస్తారు. దీన్నే బైండింగు అంటారు. అది తేమను ఆపుతుంది, దెబ్బ కాస్తుంది, అతుకును కప్పుతుంది.

నిర్గమకాండము 25వ అధ్యాయం చదివిన వారికి ఈ ఆలోచన కొత్తది కాదు. మందసమునకు బంగారు జవ, బల్లకు చుట్టూ బద్దె, దానికి మరల జవ అని అక్కడ చెప్పబడింది. గిటారు బైండింగును గిటారుకు కట్టిన జవ అనుకోవచ్చు.

నజరేతు అనే ఊరు

ఈ అంచు పని పాతది. స్పెయిను దేశంలో అంటోనియో డి టోరెస్ (1817-1892) నేటి గిటారుకు రూపం దిద్దిన కాలంలో కరెంటు యంత్రాలు లేవు. సన్నని కత్తి బిగించిన గేజితో మూల వెంబడి గీత కోసి, ఆ గీత వరకు ఉలితో చెక్క తీసేవారు. ఒక్కొక్క గిటారుకు పై అంచు, వెనుక అంచు అంతా చేతితోనే.

జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో 1796లో పుట్టిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో అమెరికా చేరి న్యూయార్కులో గిటార్ల దుకాణం పెట్టాడు. కొన్నేళ్లకే పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నజరేతు అనే ఊరి ప్రాంతానికి తరలిపోయాడు. మొరేవియన్ విశ్వాసులు 1740లో స్థాపించిన ఊరు అది. మార్టిన్ పేరుతో గిటార్లు నేటికీ ఆ ఊరిలో తయారవుతున్నాయి. నజరేతులో వడ్రంగి పని అంటే మనకు వేరొక తలంపు వస్తుంది గాని, ఇది అమెరికా నజరేతు.

పూర్వం ఖరీదైన మార్టిన్ గిటార్లకు ఏనుగు దంతపు అంచు వేసేవారు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో దాని స్థానంలోకి సెల్యులాయిడు అనే ప్లాస్టిక్కు వచ్చింది. అదే కంపెనీవారి డి-28 అనే గిటారుకు అంచు పక్కన చేపముల్లు ఆకారంలో చిన్నచిన్న చెక్క ముక్కల వరుస ఉండేది. ఆ వరుస 1947లో ఆగిపోయింది. సంగీతకారులు ఆ అంచు ఉన్న పాత గిటార్లను వెదకి వెదకి కొనసాగారు. చివరకు 1976లో హెచ్‌డి-28 అనే పేరుతో ఆ అంచు తిరిగి వచ్చింది. అంచుకు మనుషులు ఎంత విలువ ఇస్తారో చూడండి.

సెల్యులాయిడుకు ఒక గుణం ఉన్నది. ఏళ్లు గడిచేకొద్దీ అది కుంచించుకుంటుంది. పొడుగు తగ్గిన పట్టీ అడ్డదారిన పోవాలని చూస్తుంది. గిటారు నడుము దగ్గర వంపు లోపలికి ఉంటుంది గదా, అక్కడ పట్టీ గాడిని విడిచి బయటికి వచ్చేస్తుంది. పాత గిటార్లలో అంచు మొదట నడుము దగ్గరే ఊడటానికి కారణం ఇదే. దాన్ని గమనించక అలాగే వాయిస్తే, తెరుచుకొన్న చెక్క అంచు చేతికి, చొక్కాకు తగిలి చిట్లిపోతుంది.

ఒక తల్లి కోరిక

మా సంఘంలో ఒక యౌవనుడు మూడేళ్ల క్రితం జ్వరంతో ప్రభువునందు నిద్రించాడు. కూలి డబ్బులు కూడబెట్టి కొనుక్కున్న గిటారు అతనికి ఒకటి ఉండేది. ఇప్పుడు దాన్ని అతని చెల్లెలు వాయిస్తున్నది. రెండు వానకాలాలు, రెండు వేసవులు గడిచేసరికి దాని అంచు నడుము దగ్గర ఊడి, ఒకచోట విరిగి పడిపోయింది. పట్టణంలో ఉన్న ఒక సహోదరుడు ఈ సంగతి విని, "అమ్మాయికి కొత్త గిటారు కొని పంపుతాను" అన్నాడు. ఆ మాట నేను వారింటికి వెళ్లి చెప్పాను.

ఆ తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గిటారు తెచ్చి నా ముందు పెట్టి, పై పలక అంచు దగ్గర ఒకచోట వేలు పెట్టి చూపించింది. అక్కడ మెరుగు పోయి చెక్క బయటపడింది. వాయించేటప్పుడు కుడి చెయ్యి ఆనే చోటు అది.

"మా వాడి చెయ్యి ఆనీ ఆనీ అరిగిందయ్యగారూ. కొత్తది ఎన్ని వేలు పోసినా ఈ అరుగుడు రాదు గదా. ఇదే నిలబడేట్టు చూడండి" అన్నది.

ఆ అరిగిన చోటు అంచుకు ఒక వేలు వెడల్పు దూరంలో మాత్రమే ఉన్నది. అంచు గాడి కోసే యంత్రం దాని పక్కనుండే నడవాలి. మామూలు గిటారైతే కోత కొంచెం అటూ ఇటూ అయినా రంగు వేసి కప్పవచ్చు. ఈ గిటారుకు అది కుదరదు. పైగా పాత గాడి అంచులు చిట్లి ఉన్నందున, దాన్ని ఒకటిన్నర మిల్లీమీటర్ల నుండి రెండున్నరకు వెడల్పు చేసి శుభ్రమైన చెక్కను పట్టుకోవాలి. పక్క పలక రెండు మిల్లీమీటర్లు, దాని వెనుక బద్దె ఆరు మిల్లీమీటర్లు. వెరసి ఎనిమిది. అందులో రెండున్నర తీస్తే పలకలు అతుక్కొని ఉండటానికి అయిదున్నర మిగులుతుంది, అది చాలు. కోత ఎక్కువైతే ఆ అతుకే బలహీనపడుతుంది. కోసిన చెక్కను తిరిగి తెచ్చేవారు ఎవరూ లేరు.

కొలత ఎవరి చేతిలో ఉన్నది?

మన ఊళ్లలో తలుపులకు, బల్లలకు సన్‌మైకా అంటించి, మిగిలిన అంచును సమంగా కోయడానికి మేస్త్రీలు ట్రిమ్మర్ అనే చిన్న రూటరు యంత్రం వాడతారు. దాని బిట్టు కొనకు ఒక చిన్న బేరింగు ఉంటుంది. గిటారు గాడి కోయడానికి కూడా ఆ యంత్రమే చాలు. మా సంఘానికి వచ్చే పెద్ద మేస్త్రీగారు తన యంత్రం తెచ్చి, "సన్‌మైకా బిట్టు కొత్తదే ఉన్నదండీ అయ్యగారూ, దాంతోనే కానిద్దామా?" అని అడిగారు.

"ఆ బేరింగు, కత్తి ఒకే సైజు గదా మేస్త్రీగారూ. దాంతో గాడి పడదు" అన్నాను.

ఇందులో ఉన్న లెక్క ఇదే. బిట్టు కత్తి తిరిగే వెడల్పులో నుండి బేరింగు వెడల్పు తీసివేసి, వచ్చినదాన్ని రెండుతో భాగించండి. గాడి ఎంత లోపలికి పడుతుందో తెలుస్తుంది. కత్తి, బేరింగు రెండూ 19 మిల్లీమీటర్లయితే గాడి సున్న. అందుకే అది సన్‌మైకాకు పనికి వస్తుంది. కత్తి 19, బేరింగు 16 అయితే తేడా మూడు, అందులో సగం ఒకటిన్నర. బేరింగు చిన్నదయ్యేకొద్దీ గాడి లోతవుతుంది.

యంత్రం పట్టిన మనిషి గట్టిగా నొక్కినా నెమ్మదిగా నొక్కినా ఆ కొలత మారదు. బేరింగు పక్క పలకను తాకగానే కత్తి అక్కడ ఆగిపోతుంది. బలవంతుడికీ బలహీనుడికీ ఒకే గాడి. కాబట్టి అసలు పని యంత్రం నడిపేటప్పుడు జరిగేది కాదు. అంతకుముందే బల్ల దగ్గర కూర్చుని బేరింగును ఎంచుకొనేటప్పుడు జరుగుతుంది.

ఇటువంటి బేరింగులకు పెద్ద నగరం పోనక్కరలేదు. మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసేవారు కొనే బేరింగుల దుకాణాల్లో నంబరు చెప్పి అడగవచ్చు. లోపలి రంధ్రం 5 మిల్లీమీటర్లు ఉండే బేరింగుల్లో 635 నంబరుది వెలుపల 19 మిల్లీమీటర్లు, 625 నంబరుది 16, 605 నంబరుది 14, 695 నంబరుది 13, 685 నంబరుది 11. కత్తి 19 మిల్లీమీటర్లయితే వీటితో వచ్చే గాడులు వరుసగా సున్న, ఒకటిన్నర, రెండున్నర, మూడు, నాలుగు మిల్లీమీటర్లు. మాకు కావలసింది రెండున్నర. అంటే 605. దానికి ముందు వాడటానికి 625 కూడా తీసుకున్నాము.

ఎంచుకొనేటప్పుడు చూడవలసినవి

ఒకటి: పట్టీని ముందుగా కొలవండి. అమ్మేవాడు ఒకటిన్నర అన్నది ఒకటీ ముప్పావు ఉండవచ్చు. వెర్నియర్ కాలిపర్‌తో మూడు నాలుగు చోట్ల కొలిచి, పట్టీ గాడికంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉండేటట్లు చూసుకోండి. పదో వంతు మిల్లీమీటరు ఎక్కువైతే గీకి సమం చేయవచ్చు. తక్కువైతే పక్క పలకనంతా అరగదీయవలసి వస్తుంది.

రెండు: బిట్టును కూడా కొలవండి. ముప్పావు అంగుళం బిట్టు 19.05 మిల్లీమీటర్లు. ఆ తేడా లెక్కలోనిది కాదు. అయితే సాన పట్టించిన బిట్టు సన్నబడి ఉంటుంది. వెడల్పు 0.2 తగ్గితే గాడి 0.1 తగ్గుతుంది.

మూడు: బేరింగు కూర్చునే కడ్డీ కొలత చూడండి. కొన్ని బిట్లకు అది 5 మిల్లీమీటర్లు, అంగుళాల లెక్కలో చేసిన వాటికి 3/16 అంగుళం, అనగా 4.76 మిల్లీమీటర్లు. సన్నని కడ్డీ మీద 5 మిల్లీమీటర్ల బేరింగు వదులుగా ఊగుతుంది. ఊగే బేరింగు వెంట గాడి కూడా ఊగుతుంది.

నాలుగు: బిట్టు కాడ యంత్రానికి సరిపోవాలి. మన దేశంలో 6 మిల్లీమీటర్ల కాడలు, పావు అంగుళం అంటే 6.35 కాడలు రెండూ దొరుకుతాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి. పావు అంగుళం పట్టులో 6 మిల్లీమీటర్ల కాడ బిగిస్తే తిరిగేటప్పుడు జారిపోతుంది. పనికే కాదు, మనిషికీ ప్రమాదం.

అయిదు: బేరింగును వేలితో తిప్పి చూడండి. నిశ్శబ్దంగా, తేలికగా తిరగాలి. రెండు ప్రక్కల ఇనుప మూత ఉన్నది, రబ్బరు మూత ఉన్నది అని రెండు రకాలుంటాయి. వేగంగా తిరిగే ఈ పనికి ఇనుప మూతది తేలిక. జిగురు, పొట్టు చేరి బేరింగు పట్టేస్తే అది కత్తితోపాటే గిర్రున తిరిగి పక్క పలకను కాల్చి నల్లగా చేస్తుంది.

ఆరు: కార్బైడు పళ్లున్న బిట్టు మామూలు స్టీలు బిట్టుకంటే పదును ఎక్కువకాలం నిలుపుకుంటుంది. మొద్దు బిట్టు చెక్కను కోయదు, చింపుతుంది.

బిట్టు, బేరింగు మార్చేటప్పుడు ప్లగ్గు తీసివేయడం, కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం వేరుగా చెప్పనక్కరలేదు. ముఖ్యంగా ఇరుగుడు చెక్క, అనగా రోజ్‌వుడ్ పొట్టు కొందరికి ఒంటికి, ఊపిరికి పడదు.

బేరింగు ఆనుకొనే చోటు

ఇంత లెక్క సరిచూసుకున్నాక కూడా ఒక సంగతి మిగిలి ఉన్నది. బేరింగు తానుగా ఏదీ ఎరుగదు. తాను ఆనుకొని నడిచే పక్క పలక ఎలా ఉంటే గాడిని అలాగే నడిపిస్తుంది. పలక మీద ఎండిపోయిన జిగురు బొట్టు ఒకటి ఉంటే, దాన్ని ఎక్కినప్పుడు బేరింగు బయటికి జరుగుతుంది. అక్కడ గాడి తక్కువ పడుతుంది. పలకలో సొట్ట ఉంటే లోనికి దిగుతుంది. అక్కడ గాడి ఎక్కువ పడుతుంది. ఆవగింజంత లోపమైనా అంచులో వంకరగా బయటపడుతుంది. చూసేవారు అంచు వంకర అంటారు గాని, వంకర ఉన్నది దాని క్రింద, అది ఆనుకొన్న చోట.

కాబట్టి కోతకు ముందు పక్క పలక చుట్టూ చేతితో తడిమి చూడాలి. కంటికి కనిపించనిది వేలికి తెలుస్తుంది. జిగురు బొట్లు గీకివేయాలి. సొట్టలు నింపి సమం చేయాలి. ఈ గుణాన్ని మనకు అనుకూలంగా కూడా వాడుకోవచ్చు. గాడి పదో వంతు మిల్లీమీటరు తగ్గాలనుకుంటే, బేరింగు నడిచే దారి పొడుగునా పలుచని టేపు ఒక వరుస సమంగా అంటిస్తే సరి. అయితే అక్కడక్కడ టేపు ముక్కలు వదిలిపెడితే ప్రతి ముక్క దగ్గరా గాడిలో మెట్టు వస్తుంది.

యంత్రం నిలువుగా నిలబడటం కూడా ముఖ్యమే. గిటారు వెనుక పలక, కొన్నిటికి పై పలక కూడా, కొంచెం ఉబ్బుగా ఉంటుంది. యంత్రపు వెడల్పాటి అడుగు ఆ ఉబ్బు మీద ఆనితే బిట్టు వాలిపోతుంది, గాడి ఏటవాలుగా పడుతుంది. అందుకని బిట్టు చుట్టూ సన్నని చెక్క కంకణం ఒకటి యంత్రం అడుగున బిగించుకున్నాము. అంచుకు దగ్గరగా ఆ కంకణం మాత్రమే ఆనుతుంది. దాని అడుగున మెత్తని కాగితం అంటించాము. అరిగిన చోట టేపు వేస్తే ఊడదీసేటప్పుడు మిగిలిన మెరుగు లేచిపోతుంది గనుక, కాగితం యంత్రానికే అంటించవలసి వచ్చింది.

కోసిన దినం

ముందుగా ఒక పనికిరాని చెక్క ముక్క మీద కోసి, పట్టీ పెట్టి చూశాము. సరిపోయింది. తరువాత 625 బేరింగుతో గిటారు చుట్టూ తిప్పాము. పాత గాడి కూడా ఒకటిన్నరే గనుక పాత జిగురు, ప్లాస్టిక్కు తునకలు మాత్రమే రాలాయి. పక్క పలక బాగున్నదని, యంత్రం నిలువుగా ఉన్నదని దానివల్ల తెలిసింది. అప్పుడు 605 వేశాము.

కోసే దిశ కూడా చూసుకోవాలి. గిటారు చెక్క పోగులు నిలువుగా, మెడ నుండి అడుగుకు ఉంటాయి. వెడల్పు ఎక్కువ ఉన్నచోట మొదలుపెట్టి సన్నబడే వైపు నడిస్తే పోగులు అణిగి కోయబడతాయి. ఎదురు నడిస్తే పోగులు లేచి పొడుగునా చీలిపోతాయి. అందుకని క్రింది పొట్ట వెడల్పు నుండి నడుముకు, మరల అక్కడి నుండే అడుగుకు; పై పొట్ట వెడల్పు నుండి నడుముకు, మరల మెడకు. ఇలా ముక్కలు ముక్కలుగా కోయాలి. వీటిలో సగం చోట్ల యంత్రం తనంతట తానే ముందుకు లాగుతుంది. అక్కడ గట్టిగా పట్టుకొని, కొంచెం కొంచెంగా తీయాలి.

అరిగిన చోటు దగ్గరకు వచ్చేసరికి మేస్త్రీగారు యంత్రం ఆపి, "ఇక్కడ మీరు పట్టండయ్యగారూ" అన్నారు.

"మీ చెయ్యే నాకంటే నిబ్బరం. కొలత బేరింగు చూసుకుంటుంది, మీరు నడపండి" అన్నాను. ఆయన ఊపిరి బిగబట్టి నడిపారు. జానెడు దూరం. గాడి అద్దంలా పడింది. అరిగిన చోటు మీద గీత కూడా పడలేదు.

మెడ దగ్గరకు యంత్రం పోదు. మెడ మొదలు అడ్డం వస్తుంది. అక్కడ గీత గీసి, నాన్నగారి సన్న ఉలితో తీశాను. ఇరుగుడు పట్టీని తడిపి, కాలిన ఇనుప గొట్టం మీద నడుము వంపుకు వంచి, ఫెవికాల్ రాసి గాడిలో కూర్చోబెట్టి, సైకిలు ట్యూబు పేలికలతో గిటారంతా చుట్టాము. మర్నాడు విప్పి, పదునైన రేకుతో పట్టీని పక్కకు సమం చేశాము. అమ్మాయి వచ్చి గిటారు ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఆమె చెయ్యి సరిగ్గా అన్న చెయ్యి ఆనిన చోటే ఆనింది. తల్లి అది చూసి కొంగుతో కళ్లు ఒత్తుకున్నది.

కుటుంబాలకు ఒక మాట

ఈ పని చేసిన తరువాత ఒక తలంపు నన్ను విడువలేదు. మన పిల్లలు కూడా దేనినో ఆనుకొనే నడుస్తారు. మనం ఇంటిలో మాట్లాడే తీరు, అప్పు తీర్చే తీరు, పొరుగువాని గురించి చెప్పుకొనే తీరు వారికి పక్క పలక. అందులో ఎండిపోయిన జిగురు బొట్టు లాంటి పాత పగ ఒకటి ఉంటే, వారి నడతలో అది ఒక వంకరగా తేలుతుంది. అప్పుడు బిడ్డను గట్టిగా నొక్కి ప్రయోజనం లేదు. మనం ముందు తడిమి చూసుకొని గీకివేయవలసింది మన వైపు.

యౌవనులకు కూడా చెప్పేది ఉన్నది. యంత్రం ఇప్పుడు ప్రతి ఊరిలోను ఉన్నది. దాన్ని నడపడం ఒక పూటలో వస్తుంది. కొలిచి, లెక్క వేసి, వృథా చెక్క మీద ఒకసారి చూసుకొని, ఆ తరువాతనే అసలు చెక్కను తాకే అలవాటుకు మాత్రం కాలం పడుతుంది. మీ ఊరి మేస్త్రీ దగ్గర కూర్చుని అది నేర్చుకోండి. మీ సంఘపు వాద్యాలను మీరే కాపాడుకోగలుగుతారు.

చివరిగా, గిటారును రేకుల కప్పు క్రింద ఎండ వేడిలో ఉంచవద్దు. వానకాలంలో తడిగోడకు ఆనించవద్దు. వాయించిన తరువాత పొడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టండి. వచ్చే ఆదివారం కూడిక అయ్యాక, మీ సంఘపు గిటారు అంచు చుట్టూ ఒకసారి వేలు పోనిచ్చి చూడండి. నడుము దగ్గర గోరు దూరేంత సందు కనబడితే, అది పెద్దది కాకముందే బాగుచేయించండి. అప్పటికి జిగురు చుక్క, ఒక రాత్రి కట్టు చాలు. బిట్టు, బేరింగు అవసరమే రాదు.